పెద్దమ్మ ఇంట్లో ఇద్దరు బాలింతలు

ఈమధ్య చలికాలం వచ్చిందంటే చాలు, ఏ వారపత్రిక తిరగేసినా ఒకటే బోధ. ఏం తింటే ఒంట్లో వేడి పుడుతుంది, ఏం తాగితే రొంప దగ్గరికి రాదు, బాదం పప్పు రాత్రి నానబెట్టాలా పొద్దున నానబెట్టాలా అని. మా ఆవిడ కళ్లజోడు సర్దుకుని అవన్నీ పైకి చదువుతుంది, నేను బుద్ధిగా వింటాను. ఆ రోజుల్లో మాకు ఈ చదువు లేదు. చలికాలంలో ఎవరు ఏం తినాలో ఇంట్లో పెద్ద ఆడమనిషి తేల్చేది, మిగిలినవాళ్లు తినేవాళ్లు. అభిప్రాయాలుంటే కడుపులోనే పెట్టుకోవాలి (అక్కడ చోటు మిగిలితే). అలా తినే నేను ఒక శీతాకాలమంతా బాలింత పత్యం చేశాను. నవ్వకండి, నిజం.

మన రాష్ట్రం ఏర్పడి ఒకటి రెండేళ్లయి ఉంటుంది. తోటపల్లి గూడూరు దాటాక, సముద్రపు హోరు వినిపించే ఒక ఊళ్లో నాకు బళ్లో అయ్యవారి ఉద్యోగం వచ్చింది. మాది చిల్లకూరు పక్క. కొత్త ఊళ్లో మా అమ్మకు అక్క వరసయ్యే పెద్దమ్మ ఉండటంతో నా మకాం అక్కడే. నేనప్పుడు ఎంత సన్నమంటే, బోర్డు మీద రాయడానికి పక్కకు తిరిగితే పిల్లలు అయ్యవారు బయటికి వెళ్లారనుకుని అల్లరి మొదలుపెట్టేవాళ్లు. ఆ సన్నదనం నన్ను ఎప్పుడూ బాధించలేదు, ఒక పెళ్లికి వెళ్లేదాకా. గూడూరులో జరిగిన ఆ పెళ్లిలో దొరవారిసత్రం వైపు నుంచి వచ్చిన ఒక పిల్ల వచ్చినవాళ్లందరి మీదా పన్నీరు చల్లుతూ, నా దగ్గరికొచ్చేసరికి ఎవరో పిలిస్తే అటు చూస్తూ బుడ్డి మొత్తం నా చొక్కా మీద కుమ్మరించింది. తడిసిన చొక్కాతోనే ఇంటికి పోయి మా అమ్మతో, చేసుకుంటే ఆ పిల్లనే చేసుకుంటానని చెప్పేశాను. మా అమ్మ మనిషిని పంపి కనుక్కుంటే వాళ్ల నాన్న, "పిలగాడు మరీ బక్కపల్చన అంట గదా. ఒకసారి వచ్చి చూసుకుంటా, ఆ తర్వాతే మాట" అన్నాడట. ఎప్పుడొస్తాడో మాత్రం చెప్పలేదు.

మా అమ్మ ఆ ఆదివారమే బస్సెక్కి వచ్చి పెద్దమ్మ చేతులు పట్టుకుంది. "అక్కా, మాఘమాసం లోపల వీణ్ణి కాస్త మనిషిని చెయ్యి. ఆయనొచ్చి చూసేసరికి వీడు కంటికి ఆనాల" అంది. పెద్దమ్మ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. సంతలో కోడెను చూసినట్టు చూసింది. "ఎంతసేపు పని! నాకొదిలిపెట్టు" అంది. కష్టం ఏమిటంటే, సరిగ్గా అప్పుడే పెద్దమ్మ కూతురు, అంటే మా అక్క, పురిటికి వచ్చి మగబిడ్డను కని ఉంది. కార్తీకం ముసురు, తడిసిన కట్టెలు, ఒక్కటే పొయ్యి. "బాలింతకొకటి, నీకొకటి వండేదానికి నాకేమన్నా నాలుగు చేతులుండాయా అబ్బయ్యా? అయినా చలికాలంలో బాలింత తినేదానికన్నా బలమైన తిండి లోకంలో ఏముంది? దాంతో పసిబిడ్డే గట్టిపడతా ఉంటే, ఇంత మగోడివి నీకేం రోగం?" అంది పెద్దమ్మ. ఆ వాదనలో లోపం ఎక్కడుందో నాకు ఇప్పటికీ తెలియదు.

అలా నా పత్యం మొదలైంది. పొద్దున్నే కాయం. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, వాము దంచి తాటిబెల్లం పాకంలో ఉడికించి నువ్వుల నూనె పోసిన నల్లటి ముద్ద అది. నోట్లో పెట్టుకోగానే చెవుల్లోంచి ఆవిరి వచ్చేది. తర్వాత వెల్లుల్లి కారంతో వేడన్నం. మధ్యాహ్నం పాలసొర పుట్టు. ఆ చిన్న సొరచేపను ఉడికించి, పొడి చేసి, వెల్లుల్లి వేసి వేయిస్తారు. బాలింతకు పాలు పడతాయని మా వైపు దానికి గొప్ప పేరు. (నాకెందుకని అడగబోయి మానుకున్నాను.) చన్నీళ్లు ముట్టకూడదు. మజ్జిగ మాట ఎత్తకూడదు. చెవుల్లో దూది, తలకు గుడ్డ, నడుం పట్టేస్తుందని దాని చుట్టూ గుడ్డ బిగించి నడికట్టు. బడిలో పిల్లలు పలక చూపించేటప్పుడు ఊపిరి బిగబట్టి వచ్చేవాళ్లు. ఒకడైతే పక్కవాడితో, "అయివారు మా పిన్నమ్మ పురిటింటి మాదిరి వాసనొస్తా ఉండాడురా" అన్నాడు. వాడి ముక్కు గొప్పది, కొట్టలేదు.

ఇంట్లో నా బాధ అర్థమయ్యేది అక్క ఒక్కదానికే. అయితే ఆమె దానిని తన దారికి తిప్పుకుంది. పెద్దమ్మ పెరట్లోకి పోగానే గుసగుసగా పిలిచేది. "తమ్ముడూ, ఈ కాయం ముద్ద నువ్వు మింగరా, నీకు పుణ్యముంటది. నా గొంతు దిగడంలా. బదులుగా నాకు రెండు తేగలు తెచ్చిపెట్టు." ఆ ఇసక నేలల్లో చలికాలమొస్తే తేగలకు, చిలగడదుంపలకు కరువేముంది? ఇంటి బయట అడుగు పెడితే చాలు, ఎవరో ఒకరు ఉడికించిన తేగ పెట్టేవాళ్లు. నేను వాటిని పంచె మడతలో దాచి అక్కకు చేరవేసేవాణ్ణి. అంటే ఆ ఇంట్లో బాలింత చిలగడదుంపలు తింటుంటే, అయ్యవారు రెండు వంతుల కాయం మింగుతున్నాడన్నమాట. విచిత్రం ఏమంటే ఇద్దరమూ నిగనిగలాడాం. పెద్దమ్మ వీధిలో ఆడవాళ్లను పిలిచి మరీ మమ్మల్ని చూపించేది. "చూడండమ్మా, ఇద్దరికీ ఒకే చెయ్యి, ఒకే పత్యం" అనేది. అక్కా నేనూ గోడవైపు తిరిగి నవ్వుకునేవాళ్లం.

మార్గశిరంలో ఒక ఆదివారం పొద్దున. పెద్దమ్మ నాకు తలంటు పోసి, అక్క పాత చీర ముక్క తలకు చుట్టి, పంచలో సాంబ్రాణి పొగ పక్కన కూర్చోబెట్టింది. నడికట్టు సరేసరి. నా ముందు ఆకులో కాయం ముద్ద. చెవుల్లో వెల్లుల్లి రెబ్బకు చుట్టిన దూది ఉండటంతో వాకిట్లో ఎవరో పిలవడం నాకు వినిపించలేదు. పొగ పలచబడేసరికి ఎదురుగా ఒక పెద్దమనిషి. తడిసిన గొడుగు, మోకాళ్ల దాకా బురద. నన్ను చూసి, నా తలగుడ్డ చూసి, ఆకు చూసి, లోపల పసిబిడ్డ ఏడుపు విని, గొంతు పెంచి అడిగాడు. "అమ్మా, ఈ ఇంట్లో బాలింత ఎవరు?"

వంటింట్లోంచి పెద్దమ్మ కేక వేసింది. "ఇద్దరుండారయ్యా! లోపలుండేది నా కూతురు, పంచలో ఉండేది మా చెల్లెలి కొడుకు!"

ఆయన తాను ఎక్కడి నుంచి వచ్చిందీ చెప్పగానే నా గుండె నడికట్టులోకి జారిపోయింది. పన్నీరు పిల్ల తండ్రి. లేచి నిలబడదామంటే నడికట్టు లేవనివ్వదు, తలగుడ్డ తీద్దామంటే ముడి రాదు. పెద్దమ్మకు మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. "అన్నా, వానలో వచ్చినావు, ముందు నాలుగు మెతుకులు తినుకో" అని ఆయనకూ ఆకు వేసింది. ఇంట్లో వేరే వంట ఏముంది? అదే వెల్లుల్లి కారం, అదే పుట్టు, అన్నిటికన్నా ముందు అదే కాయం. ఆయన మర్యాద కొద్దీ కాయం నోట్లో వేసుకున్నాడు. కళ్లనీళ్లు కండువాతో తుడుచుకుని, నా చెవి దగ్గరికి వంగి నెమ్మదిగా అడిగాడు.

"రోజూ ఇదేనా నాయనా?"

"రోజూ ఇదేనండి. కార్తీకం నుంచి."

"నోరు తెరిచి వద్దనలేదా?"

"పెద్దమ్మ పెట్టింది గదండీ" అన్నాను.

ఆయన తల పంకించి, చెయ్యి కడుక్కుని, గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు. సంబంధం గురించి ఒక్క మాట లేదు. నా లావు గురించి కూడా లేదు. ఆ సాయంత్రం ఇసక దిబ్బ మీద కూర్చుని, చెవుల్లో దూది తీసి సముద్రంలోకి విసిరేసి, నిజంగానే ఏడ్చాను. ఆడవాళ్ల పత్యం తినే మగాడికి పిల్లనెవరిస్తారు? ఆ పిల్ల చెవిన ఈ సంగతి పడితే ఎంత నవ్వుకుంటుంది? పెద్దమ్మ మీద కోపంతో ఆ రాత్రి అన్నం మానేశాను. (మానేశాననుకున్నాను. అక్క తేగలు పెట్టింది, ఏడుస్తూనే తిన్నాను.)

మరుసటి వారం మా అమ్మ ముఖం వెలిగిపోతూ బస్సు దిగింది. సంబంధం ఖాయం! నేను నమ్మలేదు. ఆయన ఏమన్నాడో చెప్పమన్నాను. మా అమ్మ ఆయన గొంతుతోనే చెప్పింది. "తల్లీ, నీతో దాచేదేముంది? మా బిడ్డ బంగారం, కానీ వంట చేతగాదు. ఉప్పుకీ సోడాకీ తేడా తెలవదు. అడిగినోళ్లకి ఆ మాట చెప్పలేక, దాచలేక చస్తా ఉండా. మీవాడు అంత ఘాటు మింగతా, పెద్దమ్మ పెట్టింది గదా అన్నాడు చూడు, ఇంతకన్నా మంచి అల్లుణ్ణి నేను యాడ ఎతుక్కునేది?"

అంటే మామగారు నా ఒళ్లు చూడలేదు, ఉద్యోగం చూడలేదు. ఓర్చుకునే నాలుకను చూసి పిల్లనిచ్చాడు. ఆయన మనిషిని అంచనా కట్టడంలో ఎంత దిట్టో పెళ్లయిన మొదటి వారంలోనే, మా ఆవిడ తొలిసారి చారు పెట్టిన రోజున నాకు తెలిసింది. ఆమె ఇన్నేళ్లుగా నా ఆరోగ్యం కోసం కనిపెడుతున్న చలికాలపు వంటకాల గురించి ఇక్కడ రాయను. ఈ పుస్తకం ఆమె కూడా చదువుతుంది.

ఇసక దిబ్బ మీద కూర్చుని, బతుకు చల్లారిపోయిందని వెక్కి వెక్కి ఏడ్చిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. పక్కన కూర్చుని, ఒరేయ్ పిచ్చోడా, కన్నీళ్లన్నీ ఇప్పుడే అవగొట్టుకోకు, ఆ పిల్ల వంట ఇలాగిలాగ ఉంటుంది అని ముందే చెవిలో వేద్దామనిపిస్తుంది. చెప్పినా ఆ పిల్లనే చేసుకునేవాడు లెండి.