ప్రభువు బల్లకు రాని పెద్దమ్మ

పోయిన వారం బాన్సువాడ దవాఖానలో మా పెద్దమ్మ పోయింది. వార్త తెలిసిన దగ్గర నుంచీ మా సంఘంలో అందరిదీ ఒకటే మాట: "అసుంటి భక్తురాలు మళ్ల దొరకది." అది విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండింది. ఆమె మీద ప్రేమ లేక కాదు. ఆ పొగడ్తే ఆమెను ఏళ్ల తరబడి కాల్చుకు తిన్నదని ఇంట్లోవాళ్లమైన మాకు తెలుసు.

పెద్దమ్మ అంటే మా నాన్న అన్న భార్య. ఆమెకు పిల్లలు లేరు. నెలకొక ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల ఉండేది. అప్పుడు అందరం పంచుకునే రొట్టె ఆమె చేతిదే. పులియని రొట్టె కాల్చేది. కిస్మిస్‌లు నానబెట్టి, పిసికి, పలుచటి గుడ్డలో రసం వడగట్టేది. పొయ్యి దగ్గర ఎవరైనా ముచ్చట్లు పెడితే "గీడ నోర్లకు పని లేదు, చేతులకే ఉన్నది" అని కసిరేది. అంతా చేసి, తీరా ఆ రసం గిన్నె తన దాకా వస్తే తల వంచుకుని పక్కవారికి అందించేది. ఒక్క చుక్క తాగేది కాదు.

మనసులో కల్మషం ఉన్నవాళ్లు బల్ల తీసుకోకూడదని మాకందరికీ తెలుసు. పెద్దమ్మకు కల్మషం ఉంటుందని మాత్రం ఎవరికీ తోచలేదు. అందరి కోసం ఉపవాసం పట్టిందని అనుకున్నారు. పాస్టరు అయ్యగారు ప్రసంగంలో కూడా మెచ్చుకున్నారు. ఇంకేముంది, కొత్తగా బాప్తిస్మం తీసుకున్న ఆడపిల్లలం మేమూ గిన్నె దాటవేయడం మొదలుపెట్టాం. నేనైతే ఆమె పక్కనే కూర్చుని, అచ్చం ఆమెలాగే తల వంచేదాన్ని.

అది చూసి ఆమె బెదిరిపోయింది. ఆ మధ్యాహ్నమే మా ఇంటికి వచ్చి, వాకిట్లో నా పక్కన బియ్యం ఏరుతున్న అమ్మ ముందు కూలబడింది.

"చెల్లె, గీ పిల్ల నన్ను చూసి ఖరాబ్ అయితుంది. ఇగ దాసిపెట్టుడు నాతోని కాదు. నీ కొడుకు పోయిన నాడు అందరితోని నేను గూడ ఏడ్సిన. గని లోపల నిమ్మళమనిపించింది. నా ఒళ్లె లేనిది నీ ఒళ్లె గూడ లేకుంట అయిందని."

నాకంటే ముందు పుట్టిన అన్న సంగతి అది. నడక నేర్చిన కొద్ది రోజులకే జ్వరంతో పోయాడు. అమ్మ చేట పక్కన పెట్టింది.

"గది దేవునికి చెప్పుకోవాలె. ఆయన మాఫ్ చేస్తడు. నాకెందుకు చెప్పినవ్? నాకు గాడొక్కడే కొడుకు."

"ఆయనకు గూడ ఒక్కడే కొడుకాయె, చెల్లె."

అమ్మ లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

నాకు పెద్దమ్మ మీదే కోపం వచ్చింది. తన బరువు దించుకుని అమ్మ నెత్తిన పెట్టిందనిపించింది. వెంటపడి సందు చివర నిలదీశాను.

"ఎవ్వరికి తెల్వని పాపంతోని ఎవ్వరికి నష్టం, పెద్దమ్మా?"

"తెల్వకుంటె లేకుంట పోతదా బిడ్డా? నువ్వు పుట్టినంక నిన్ను ఒక్కసారన్న ఎత్తుకున్ననా? నీ దిక్కు చూస్తె గా పోరడే యాదికొస్తుండె. దేవుడేమో రోజు పిలుసుడు, నేను ఇనబడనట్టు పని మీద వడుడు. పిలిసి పిలిసి జవాబు లేకుంటె ఆయనకెట్లుంటది, చెప్పు?"

నేను నల్లగా ఉన్నానని ఆమె ఎత్తుకోలేదేమోనని చిన్నప్పటి నుంచీ అనుకునేదాన్ని. ఆ రోజు తర్వాత ఇంటికి పిలిచి నా తల దువ్వేది. అలవాటు లేని చేతులు కదా, జుట్టు లాగినట్టుండేది. అయినా కూర్చునేదాన్ని. ఆ దువ్వెన నొప్పికి నేను ఇప్పటికీ ఆమెకు రుణపడి ఉన్నాను.

అయ్యగారి దగ్గరా చెప్పుకుంది. ఆయన ఇక బల్ల తీసుకోమంటే "మా చెల్లె రమ్మంటెనే వస్త" అంది. అమ్మ రమ్మనలేదు. క్షమించలేని మనసుతో ఎట్లా తాగుతుంది? అమ్మ కూడా గిన్నె పక్కకు అందించడం మొదలుపెట్టింది. ఆడవాళ్ల వరుసకు ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు. అట్లాగే ఏళ్లు గడిచాయి. ఆమె చెప్పి మంచి చేసిందో చెడు చేసిందో నాకు ఇంకా తేలలేదు.

దవాఖానలో చివరి రోజు అయ్యగారు గిన్నె తెచ్చారు. పెద్దమ్మ గిన్నె వైపు చూడలేదు. గుమ్మంలో నా పక్కన నిలబడ్డ అమ్మనే చూసింది. అమ్మ చాలాసేపు కదలలేదు. తర్వాత వచ్చి అయ్యగారి చేతిలోని చెంచా తీసుకుంది.

"నోరు తెరువు, అక్కా."

రసం పెదవి చివర నుంచి కారిపోయింది. అమ్మ కొంగుతో తుడిచి మళ్లీ పోసింది. అదీ కారిపోయింది. మళ్లీ తుడిచింది. కాసేపటికి పెద్దమ్మ కళ్లు మూతపడ్డాయి.

ఆ చీర ఇంకా దండెం మీదే ఉంది. నిన్న ఉతుకుదామని తీయబోతే అమ్మ నా చేతిలోంచి లాక్కుంది. మరక పడ్డ కొంగును వేళ్లతో తడుముతూ అడిగింది: "గుటక వడ్డ సప్పుడు ఇనబడ్డదా నీకు?"