రిలీఫ్ వాల్వ్‌కి బిగించిన మూత

1983 జనవరి. న్యూజెర్సీలోని పార్సిప్పనీలో అప్పుడు నేనొక హీటింగ్ ఆయిల్ కంపెనీలో సర్వీస్ టెక్నీషియన్‌ని. చలికాలం ఇళ్లను వేడినీళ్లతో వెచ్చబరిచే బాయిలర్లు బాగుచేయడం నా పని. అంతకుముందు విశాఖ నుంచి వెళ్లే సరుకు ఓడల్లో, ఇంజిన్ రూమ్‌లో ఉండేవాణ్ణి. నా భార్య సుశీలకు ఇక్కడ నర్సు ఉద్యోగం రావడంతో నేనూ ఒడ్డున పడ్డాను.

మా తెలుగు క్రైస్తవులకు అప్పటికింకా సొంత చర్చి లేదు. ఆదివారం ఆరాధన దేవసహాయం గారి బేస్‌మెంట్‌లో జరిగేది. ఆయన మాలో పెద్దవారు. మనిషి మంచివారే కానీ, తన పొరపాటు ఒకరు ఎత్తి చూపితే తట్టుకోలేరు.

ఆ ఆదివారం బయట మంచు గడ్డకట్టి ఉంది. పాతికమంది దాకా ఉన్నాం, పిల్లలతో సహా. పాట మధ్యలో, పలచటి గోడ అవతల ఉన్న బాయిలర్ గదిలోంచి టక్ టక్‌మని పైపులు కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది. రోజూ వినే చెవులు కదా, ఊరుకోలేదు. లేచి వెళ్లి చూశాను.

ప్రెషర్ చూపే గేజ్ ముల్లు పన్నెండు, ఇరవై పౌండ్ల మధ్య ఉండాలి. ముప్పై దాటితే రిలీఫ్ వాల్వ్ తనంతట తాను తెరుచుకుని నీళ్లు బయటికి వదిలేస్తుంది. ప్రెషర్ పెరిగి బాయిలర్ పగలకుండా కాపాడేది అదే. ముల్లు యాభై దాటి ఉంది. వాల్వ్ నుంచి కిందికి దిగే పైపు చివర మాత్రం చుక్క నీరు లేదు. వంగి చూశాను. ఆ చివరకు కొత్త ఇనుప క్యాప్ గట్టిగా బిగించి ఉంది. పక్కనే బర్నర్ మండుతోంది.

గోడ అవతల పిల్లల గొంతులు వినిపిస్తున్నాయి. ఆ క్యాప్ విప్పితే మరిగే నీళ్లు మొహాన కొడతాయి. విప్పకపోతే ఏమవుతుందో ఓడల్లో పనిచేసినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. మెట్లపైకి పరుగెత్తి, బాయిలర్‌ని ఆపే ఎర్ర స్విచ్ కట్టేసి, మళ్లీ కిందికి వచ్చాను.

"అన్నయ్యా, పాట ఆపండి. అందరూ బయటికి వెళ్లాలి."

దేవసహాయం గారు బైబిల్ మూయలేదు. "ఫైవ్ మినిట్స్ బ్రదర్. ప్రేయర్ చేసి లేద్దాం."

"ఇప్పుడే వెళ్లాలి. కోట్లు వేసుకుని రోడ్డు అవతలికి పొండి. కార్లలో కూర్చోండి."

సుశీల నా మొహం చూసింది. పక్కనున్న చంటిదాన్ని ఎత్తుకుని మెట్లెక్కింది. ఆమె వెనక అందరూ కదిలారు.

దేవసహాయం గారు, ఆయన భార్య కరుణమ్మ గారు మెట్ల దగ్గరే ఆగిపోయారు. నేను ఫీడ్ వాల్వ్ కట్టేశాను. ఊరి నీళ్లు బాయిలర్‌లోకి వచ్చే దారి అది. డ్రెయిన్‌కి హోస్ తగిలించి, ప్రెషర్ తగ్గేదాకా నీళ్లు వదిలాను. ముల్లు పన్నెండుకి దిగింది. డ్రెయిన్ కట్టేసి ఊపిరి పీల్చుకున్నాను.

చూస్తుండగానే ముల్లు మళ్లీ పైకి కదిలింది. బర్నర్ మండడం లేదు. ఫీడ్ కట్టేశాను. అయినా పెరుగుతోంది.

"ఈ క్యాప్ ఎవరు పెట్టారు?" నా గొంతు నాకే కటువుగా వినిపించింది.

కరుణమ్మ గారు ఆయన వైపు చూశారు. దేవసహాయం గారు గోడ వైపు చూస్తున్నారు.

ఫీడ్ వాల్వ్ అరిగిపోయి, కట్టేసినా నీళ్లు లోపలికి వదులుతోందేమో అనుకున్నాను. అదే మార్చేస్తే సరిపోతుందని కూడా అనుకున్నాను. అయితే ఆ ఇద్దరిలో ఏదో మాట గొంతు దాకా వచ్చి ఆగినట్టు తోచింది. బోర్లించి ఉన్న బకెట్ మీద కూర్చున్నాను.

"అన్నయ్యా, ఎవరన్నది వదిలేయండి. క్యాప్ పెట్టారంటే నీళ్లు కారేవన్నమాట. ఎప్పట్నుంచి? మీరేం చూశారో అంతా చెప్పండి. నాకు కావలసింది అదే."

ఆయన నా వైపు తిరిగారు. "పోయిన నెల పాత వేడినీళ్ల సిలిండర్ లీకయితే కొత్తది వేయించాను. అప్పట్నుంచీ ఈ పైపు కారుతూనే ఉంది. ప్లంబర్ మళ్లీ వచ్చి, వేడెక్కి పెరిగిన నీళ్లు చేరే ఎక్స్‌పాన్షన్ ట్యాంక్ మార్చాడు. అయినా ఆగలేదు. ఫోన్ చేస్తే ఫీడ్ వాల్వ్ క్లోజ్ చెయ్యమన్నాడు. చేశాను. అయినా కారింది, మళ్లీ తెరిచేశాను."

"రాత్రి స్విచ్ ఆపేసి పడుకున్నా, పొద్దున్నకి బకెట్ నిండిపోయేది తమ్ముడూ," అన్నారు కరుణమ్మ గారు. "నిన్ను పిలుద్దామంటే ఈయన ఒప్పుకోలేదు."

"కార్పెట్ తడుస్తోంది. ఆదివారం అందరూ వస్తారు కదా అని..." దేవసహాయం గారు పైపు చివరను చూపించారు. "క్యాప్ నేనే పెట్టాను."

ఆ మాటలతో నాకు దారి దొరికింది. ఆ సిలిండర్‌ని ఇండైరెక్ట్ ట్యాంక్ అంటారు. బాయిలర్ నీళ్లు దాని లోపలి రాగి చుట్టలోంచి వెళుతూ, చుట్టూ ఉన్న స్నానాల నీళ్లను కాస్తాయి. ఆ రెండు నీళ్లూ ఎక్కడా కలవకూడదు. ఊరి నీళ్ల ప్రెషర్ బాయిలర్ ప్రెషర్ కంటే మూడు నాలుగు రెట్లు ఎక్కువ. రాగి చుట్టకు చిన్న కంత ఉన్నా చాలు, స్నానాల నీళ్లు దాంట్లోంచి బాయిలర్‌లోకి తోసుకొస్తాయి. కొత్తగా వేసిన వస్తువు మీద అనుమానం రాక, ఎవరూ అటు చూడలేదు.

సిలిండర్‌కి వెళ్లే చన్నీళ్లు కట్టేసి, దాంట్లో ప్రెషర్ పోవడానికి, "వంటింట్లో వేడినీళ్ల ట్యాప్ తిప్పండమ్మా," అన్నాను. పైన నీళ్లు పడుతున్న చప్పుడు కాసేపు వినిపించి ఆగిపోయింది. ముల్లు కూడా ఆగిపోయింది. కరుణమ్మ గారు దిగి వచ్చాక ముగ్గురం దాన్నే చూస్తూ నిలబడ్డాం. కదలలేదు.

డ్రెయిన్‌లోంచి ప్రెషర్ మళ్లీ దించి, క్యాప్ విప్పాను. రిలీఫ్ వాల్వ్ కూడా నమ్మదగినదిగా లేదు. బయటున్న నా సర్వీస్ వ్యాన్‌లోంచి కొత్తది తెచ్చి బిగించాను. ఆ సిలిండర్‌ని వ్యవస్థ నుంచి విడదీసి, బాయిలర్ వెలిగించాను. గదుల్లోని రేడియేటర్లు వేడెక్కాయి. కొత్త సిలిండర్ వచ్చేదాకా వాళ్లు స్నానాలకు పొయ్యి మీద నీళ్లు కాచుకున్నారు. పాడైనదాన్ని తర్వాత ఊడదీసి చూస్తే, చుట్ట అతుకు దగ్గర గుండుసూది పట్టేంత కంత కనిపించింది.

అందరూ వణుకుతూ లోపలికి వచ్చారు. దేవసహాయం గారు ప్రార్థనకు లేచారు. పిల్లల వైపు చూసి, మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చేశారు. కరుణమ్మ గారు లేచి ప్రార్థన ముగించారు.

ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఈ పనిలోనే ఉన్నాను. చెయ్యి పెట్టకూడని చోట పెట్టిన మనుషులను చాలామందిని చూశాను. ఎవరు చేశారని అడిగితే అందరూ గోడ వైపే చూస్తారు. మెషీన్‌తో రాత్రీపగలూ ఉన్నది వాళ్లు. నేను చూసేది ఒక్క గంట. అందుకే ప్రమాదం లేకుండా మెషీన్ ఆపాక, ముందు కూర్చుంటాను. వాళ్ల భయం పోయి మాట వచ్చేదాకా టూల్‌బాక్స్ తెరవను.