నల్ల గ్లాసు

పట్టుదలకు లోటు లేని రోజులవి. తెలివికే కాస్త కరువుండేది, ఆ సంగతి తెలియక హాయిగా బతికేవాణ్ణి. హార్స్లీ హిల్స్‌లో ఒక రిసార్టులో ప్లేట్లు మోస్తుండగా బార్‌లో వైన్ వడ్డించే ఉద్యోగం ఖాళీ అయింది. పరీక్ష పెట్టేది మీసాల సారు. కుప్పంలో పుట్టి, పెద్దపెద్ద హోటళ్లలో వైన్ రుచి చూడటమే పనిగా బతికిన మనిషి. మూడు గ్లాసుల పోర్ట్ వైన్‌లో (తియ్యగా, ఘాటుగా ఉంటుంది, మంచి పంటదైతే సీసాలో ఏళ్ల తరబడి కదపకుండా ఉంచుతారు) అన్నిటికంటే పాతది ఏదో చెప్పాలి.

ఆ ఉద్యోగం నాదేనని తీర్మానించుకుని, వారం సెలవు పెట్టి పుంగనూరు వెళ్లాను. మా అవ్వ అక్కడి చింతపండు మండీలో గింజలు తీస్తూ ముసలిదైంది. పాత సరుకు పట్టడంలో ఆమెను మించిన గురువు నాకు తోచలేదు. రోజూ చింతపండు ముద్దలు ముందు పెట్టి, "ఎర్రంగా ఉంటే కొత్తది, నల్లంగా ఉంటే పాతది. కండ్లుండాయి కదరా, సూడు!" అనేది.

పరీక్షనాడు మొదటి గ్లాసు వెలిసిన ఇటుక రంగులో ఉంది. రెండోది ఎర్రగా, మూడోది కాటుకలా నల్లగా ఉన్నాయి. మొదటిదాని దగ్గర ముక్కు పెట్టగానే పాత బెల్లం, ఖర్జూరం, అవ్వ ట్రంకుపెట్టె కలిపిన వాసన వచ్చింది. (రుచి చూసి పక్క గిన్నెలో ఉమ్మమన్నారు. పెద్దవాళ్ల ముందు ఉమ్మడం మా ఇంటావంటా లేదు, మూడూ మింగేశాను.) ముక్కు ఇదే ఇదే అని మొత్తుకుంటూనే ఉంది. అయినా అవ్వ మాట తప్పుతుందా? ఛాతీ విరుచుకుని నల్ల గ్లాసు చూపించాను.

"యాలప్పా అది?" అన్నాడు సారు.

"నల్లంగా ఉండాది సార్. మా అవ్వ చింతపండైనా అంతే, పాతబడితే నల్లబడతాది."

సారు మీసాలు అదిరేలా నవ్వాడు. "ఇది చింతపండు కాదప్పా! ముసలిదయ్యేకొద్దీ దీని రంగు పోతాది. మొదటిది వాసన యెట్లుండాది?"

చెప్పాను. ఆయన నవ్వు ఆగిపోయింది. "నీ ముక్కుకు తెలిసింది. నువ్వే దాని మాట యినలేదు."

ఉద్యోగం ఇంకొకడికి పోయింది. వంటింటి వెనక్కి వెళ్లి నిజంగానే ఏడ్చాను. మరుసటి ఏడాది మళ్లీ ఖాళీ వస్తే, మళ్లీ వెళ్లి ఆయన ముందు కూర్చున్నాను, ఈసారి కళ్లు గట్టిగా మూసుకుని. నెగ్గాను.

ఇప్పుడు ఆ బార్‌కు నేనే పెద్దను. రంగు పోయినదే పాతదని కొత్తవాళ్లకు నేర్పుతుంటాను. నేర్పేరోజు పొద్దున్నే అద్దం ముందు కూర్చుని జుట్టుకు శ్రద్ధగా నల్లరంగు వేసుకుంటాను. వాళ్లంతా మోసపోతారు. అవ్వ ఉండుంటే మాత్రం, "నల్లంగా ఉండాడు, పాతోడే" అని ఇట్టే చెప్పేసేది.