తాత దగ్గు

డెబ్బైల్లో ఉదయగిరి కొండకింద ఒక పల్లెబడిలో పనిచేసేదాన్ని. సాయంత్రం బస్సు కోసం అడవిలో చెరువుగట్టు వెంబడి నడవాలి. మేకలు కాసే తాత తోడొచ్చేవాడు. ఎప్పుడూ నాకు ముందే నడుస్తూ, మలుపు మలుపుకూ ఆగి గట్టిగా దగ్గేవాడు. జబ్బేమోనని మాత్రలు తెచ్చిచ్చాను.

"జబ్బు కాదమ్మా. నీళ్ళకొచ్చినదానికి మనమొచ్చేది తెలియాల. తెలిస్తే అదే దోవ ఇస్తాది," అన్నాడు. అడవిలో ఉండగా చిరుత పేరు ఎత్తేవాడు కాదు.

ఒక సాయంత్రం గట్టు మీద గాలి హాయిగా ఉంది. పిట్టలు మాత్రం అరవడం లేదు. మలుపులు దాటుతున్నా తాత దగ్గలేదు.

"ఏంది తాతా, ఈపొద్దు దగ్గలేదే?"

ఆయన పక్కకు జరిగి నన్ను ముందుకు పంపాడు.

"తిరిగి చూడొద్దు. నడువమ్మా," అన్నాడు మెల్లగా.

తర్వాత వెనక్కు తిరిగి దగ్గాడు.