నెవిర అనే పేరు ఎవరిది

పోయిన వారం అమలాపురం నుంచి ఒకాయన ఫోన్ చేసి, చిన్నప్పుడు పిల్లల పత్రికలో నా జానపద సీరియల్ చదివేవాణ్ణని, అందులోని రాకుమారి పేరే తన కూతురికి పెడుతున్నానని చెప్పినప్పటి నుంచి నాకు కుదురు లేదు.

"ఎల్లుండి బారసాలండీ. పళ్లెంలో బియ్యం మీద నెవిర అని రాద్దామంటే అర్థమేంటని మా అత్తగారు అడుగుతున్నారండీ. ఫోన్లో చూస్తే ఒకచోట లక్ష్మీదేవి అని, ఇంకోచోట మల్లెమొగ్గ అని ఉంది."

సాయంత్రం చెబుతానని పెట్టేసి, వసారాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. ఆ పేరు నేను పుట్టించింది కాదు.

తొంభైల్లో వేసవి సెలవులకు రాజోలు దగ్గర పెద్దమ్మగారింటికి వెళ్లేవాణ్ణి. మధ్యాహ్నాలు కొబ్బరాకుల ఈనెలు చీరుతూ మా అక్క, అంటే పెద్దమ్మగారి అమ్మాయి, ఊహల్లో నీళ్ల నడుమ ఒక లంకరాజ్యాన్ని, దానికొక భాషను అల్లేది. నె అంటే దీపం, విర అంటే అవతలి ఒడ్డు. పెద్దనాన్నగారు గోదావరి మీద జనాన్ని దాటించే పంటు నడిపేవారు; ఆయనకు ఆలస్యమైన రోజుల్లో అక్క లాంతరు పట్టుకుని రేవులో నిలబడేది, ఆ వెలుగు ఆనవాలుగా ఆయన ఒడ్డు చేరేవారు. నెవిర అక్కడ పుట్టింది. ఆ రాజ్యంలో పుట్టగానే ఎవరికీ పేరుండదు. ఇంకొకరికి మొదట ఎలా పనికొస్తే అదే పేరు. నాకు అక్క ఏ పేరూ పెట్టలేదు.

రెండువేల తర్వాత అదంతా సీరియల్‌గా రాసి, నా ఒక్కడి పేరుతో వేయించుకున్నాను. పాఠకులు అడిగితే నెవిర అంటే అందాలరాశి అని జవాబిచ్చాను. అది చదివి అక్క ఒక్క మాటే అంది.

"కథ నీదే అనుకో. అర్థం ఎందుకు మార్చేవురా?"

ఆ తర్వాత మా మధ్య పెళ్లిళ్లలో పలకరింపులే మిగిలాయి.

ఆ సాయంత్రం ఆయనకు ఉన్నదున్నట్టు చెప్పి, కొత్తపేటలో ఉంటున్న అక్కకు ఫోన్ చేశాను. అంతా విని, ఆ ఇల్లెక్కడని అడిగింది. తనే బారసాలకు వెళ్లి అర్థం చెబితే, ఆ అత్తగారు పళ్లెం అక్క ముందుకే జరిపారట. నా పేరు కింద ఎన్నోసార్లు అచ్చయిన ఆ మాటను అక్క తన వేలితో రాయడం అదే మొదలు.

ఇప్పుడా రేవులో పంటు లేదు, వంతెన వచ్చింది. లాంతరు కోసం నీళ్ల మీద చూపు నిలిపేవారు లేరు, ఏ పేరుకైనా క్షణంలో పది అర్థాలు దొరుకుతున్నాయి. నిన్న అక్క ఫోన్ చేసి, "నీకూ పేరొచ్చిందిరా తమ్ముడూ. సొవిర," అని పెట్టేసింది. విర అంటే అవతలి ఒడ్డు, అంతవరకూ తెలుసు. మిగిలిన సగం తెలిసిన మనిషి లోకంలో ఒక్కతే. రేపు కొత్తపేట బస్సెక్కుతున్నాను.