అడ్డగీతను తాకిన వంపు

దేగూ నగరంలోని ఆ ట్యూషన్ సెంటర్లో లెక్కలు చెప్పే పాంగ్ మ్యోంగ్-ఓక్ ఎవరినీ నమ్మదు. సుద్దపొడి అంటకుండా మోచేతులదాకా పూలపూల తొడుగులు వేసుకుని, పిల్లల కాగితాన్ని ముక్కుకు ఆనించుకుని, రెట్టింపవుతూ పెరిగే ఘాత ప్రమేయపు గ్రాఫును ఎడమ కొస నుంచి చూడటం మొదలుపెడుతుంది. కుడివైపు రివ్వున పైకి లేచే వంపు ఎవరైనా గీస్తారని ఆవిడ ఉద్దేశం. ఎడమవైపు అది అడ్డగీతకు దగ్గరవుతూనే ఉండాలి గానీ ఎన్నటికీ తాకకూడదు. పక్కవాళ్లని చూసి వేసే దొంగలు దొరికేది అక్కడే.

ఆ సాయంత్రం యే-రిన్ వంపూ, పక్కనున్న సో-దామ్ వంపూ ఒకేచోట అడ్డగీత మీద చతికిలబడ్డాయి.

"ఎవర్ని చూసి ఎవరు వేశారే? చెప్పకపోతే మీ అమ్మలకి ఇప్పుడే ఫోన్ చేస్తా."

"ఇద్దరం బోర్డు చూసే వేశాం టీచర్," అంది యే-రిన్ ఏడుపు గొంతుతో.

"నా మీదికే తోస్తున్నావా?" అంటూ ఆవిడ గిరుక్కున వెనక్కి తిరిగింది. బోర్డు మీద నిన్న తాను గీసి వదిలేసిన వంపు అడ్డగీత మీద హాయిగా పడుకుని ఉంది. ఆవిడ ఆ కొసను చేతి తొడుగుతో తుడిచి, సన్నని సందు వదిలి మళ్లీ గీసింది. తరువాత పిల్లల వైపు తిరిగి, ఒక్కొక్కరి మొహమే పరీక్షగా చూసింది.

"నిన్న నేను వెళ్లాక ఈ బోర్డు ముట్టుకున్నదెవరు?"