జల్లెడ వంకతో వచ్చినవాళ్లు

మా వెనకింటి లాయరమ్మ దొంగ కాగితం పుట్టించి పట్టుబడిందని, అందుకే ఆర్నెల్లు కోర్టులో వాదించకుండా చేశారని వీధంతా ఊదరగొడుతోంది. నేను చదివింది ఐదో తరగతే. అయినా ఈ సంగతిలో నాకు తెలిసినంత ఆ నోళ్లకు తెలియదు. ఆమె ఇంటికి దొడ్డిదారి నా వంటింట్లోంచే మరి.

మా రాష్ట్రంలో ఆడది ఉద్యోగంలో చేరాలన్నా, మళ్లీ పెళ్లాడాలన్నా ఇంటి మగాడి సంతకం ఉండాలి. భర్త పోయినదైతే మామగారి సంతకం. ఆ చట్టం మీద లాయరమ్మ దావా వేయడం, కోర్టు కొట్టేయడం, ఆమె మళ్లీ వేయడం. ఇరవై ఏళ్లుగా ఇదే వరస. నల్లకోటు మోచేతుల దగ్గర వెలిసిపోయింది గానీ ఆమె పట్టు సడలలేదు.

ఆమె బోర్డు కిందనుంచి లోపలికి వెళితే పెద్దమనుషుల పరువు గంగలో కలుస్తుంది కదా! అందుకని మా ఇంటికొచ్చి జల్లెడ అడుగుతారు. అది చంకన పెట్టుకుని పెరటి తలుపు దాటి ఆమె గదిలో తేలతారు. ఓ రోజు రిటైరైన హెడ్మాస్టరుగారే వచ్చారు.

"ఏమమ్మా, జల్లెడుందా?"

"ఇంట్లో పిండి మీరే జల్లిస్తున్నారా మాస్టారూ?"

"వేళాకోళం తర్వాత. ముందు ఆ తలుపు తియ్యి."

ఆయన కూతురికి భర్త పోయి నాలుగేళ్లు. మళ్లీ పెళ్లికి మామగారు సంతకం పెట్టనన్నాడు. గోడకు చెవి ఆనించానని ఒప్పుకుంటున్నాను. మాస్టారు గంటసేపు ఏడ్చారు. లాయరమ్మ ఆయన గుట్టు బయటపడకుండా ఆ మామ ఇంటికి మూడుసార్లు తిరిగి సంతకం పెట్టించింది. పెళ్లయింది. జల్లెడ మాత్రం నాకింకా తిరిగి రాలేదు.

పోయిన నెల ఈమె కాపురాలు కూలుస్తోందని లాయర్ల సంఘానికి నలభై మంది ఫిర్యాదు రాశారు. మొదటి సంతకం ముత్యాల్లాంటి అక్షరాలతో మాస్టారిది! సంఘం పెద్దలు ఆమెను పిలిపించి, "నువ్వే ఇళ్లల్లో దూరి ఎగదోశావా, వాళ్లే నీ గడప తొక్కారా? వచ్చినవాళ్ల పేర్లు రాసుకున్న పుస్తకం చూపించు. నీ తప్పు లేకపోతే వదిలేస్తాం" అన్నారు. ఆమె చూపించనంది. ఆర్నెల్ల వేటు అందుకు పడింది. దొంగ కాగితమూ లేదు, దాని మొహమూ లేదు. ఆ కథ ఏ ముత్యాల అక్షరాల చేతి పనో మీకే వదిలేస్తున్నాను.

నిన్న మనసాగక నేనే తలుపు తీసుకుని వెళ్లాను. ఆమె కోటు మడిచి పెట్టెలో పెడుతోంది.

"ఆ పుస్తకం విప్పితే మాస్టారి మొహం మాడిపోయేది, నీ పని నీకుండేది. ఎందుకు చూపించలేదే పిచ్చిమొద్దూ?"

పెట్టె మూత వేస్తూ అంది.

"చూపిస్తే, పిన్నీ, రేపటినుంచి నిన్ను జల్లెడ ఎవరడుగుతారు?"